షుగర్ ఉంటే రక్తంలో విటమిన్ ఎ ఎందుకు తగ్గుతుంది?

టైప్ 1 షుగర్ ఉంది, రోజూ క్యారెట్ తింటున్నా రక్త పరీక్షలో విటమిన్ ఎ తక్కువ వచ్చింది, క్యాప్సూల్స్ వేసుకోనా అని కదా మీరు అడిగింది. వద్దండీ, కాస్త ఆగండి. నేనూ ఇలాగే తొందరపడ్డాను.

నాకు టైప్ 1 వచ్చి పద్నాలుగేళ్లు. మధ్యలో ఒక ఏడాది ఇన్సులిన్ సంగతి పట్టించుకోలేదు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 11 దాటింది. అప్పుడే రెటినాల్ (అంటే రక్తంలో తిరిగే విటమిన్ ఎ) తక్కువని రిపోర్టు వస్తే టెన్షన్ పడి ఎవర్నీ అడక్కుండా క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. మా డాక్టరుగారు ఆ సీసా తీసుకుని, కళ్లజోడు పైకెత్తి లేబుల్ మీద మోతాదు చదివి, నాకు తిరిగివ్వకుండా సొరుగులో పడేశారు.

విషయం ఏమిటంటే, ఒంట్లోని విటమిన్ ఎ చాలావరకు లివర్‌లోనే నిల్వ ఉంటుంది. అక్కడి నుంచి రక్తంలోకి రావాలంటే రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ మోసుకురావాలి, ఇన్సులిన్ చాలనప్పుడు తగ్గేది అదే. గోదాములో సరుకుంది, మోసే కూలీ లేడు, అంతే. షుగర్ తెప్పించిన ఎలుకల్లో లివర్‌లో నిల్వ ఉన్నా రక్తంలో తగ్గిందట, విటమిన్ ఎ పెట్టినా పెరగలేదు, ఇన్సులిన్ ఇచ్చాకే సర్దుకుంది. దీనికి తోడు షుగర్ ఎక్కువైతే మూత్రంలో జింక్ పోతుంది, ఆ ప్రొటీన్ తయారీకి జింక్ కూడా కావాలి.

టైప్ 2లో కథ వేరు. వాళ్లలో చాలామందికి ఈ ప్రొటీన్ తగ్గకపోగా పెరుగుతుంది, అది పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదని ఎలుకల్లో 2005లోనే చూపించారు. కాబట్టి వాళ్ల అనుభవం చూసి మీరు, మీ అనుభవం చూసి వాళ్లు మందులు మార్చుకోకూడదు.

క్యాప్సూల్స్‌తో నా భయం ఇదీ: పెద్దవాళ్లకి రెటినాల్ రోజుకి 3,000 మైక్రోగ్రాములు మించకూడదు, ఎక్కువైతే బయటికి పోదు, లివర్‌లో పేరుకుంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకైతే రక్తంలో ముందే ఎక్కువ ఉంటుంది, వాళ్లు అసలు ముట్టకూడదు. క్యారెట్‌తో ఆ ప్రమాదం లేదు, అందులోది ఒంటికి కావలసినంతే విటమిన్ ఎగా మారుతుంది.

నేను ఇన్సులిన్ దారిలో పెట్టుకున్నాక నాలుగు నెలలకి రెటినాల్ మామూలుకొచ్చింది, ఒక్క క్యాప్సూల్ వేసుకోకుండా. మీకు చీకట్లో చూపు ఆనకపోతే మాత్రం విటమిన్ లోపమేలే అనుకోకండి, షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతిందేమో పరీక్ష చేయించుకోండి. చుక్కలు వేసి చూస్తారు, ఆ పూటకి బండి నడపలేరు, ఎవర్నైనా తోడు తీసుకెళ్లండి.