బావగారి ఆపరేషన్‌కు ముందే ఫాదర్ గారిని పిలిపించు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బావగారికి వచ్చే వారం గుండె ఆపరేషన్ అని, రోగులకు తైలం పూసి ప్రార్థించే సంస్కారం కోసం ఫాదర్ గారిని పిలిపిస్తే ఆయన బెదిరిపోతారేమోనని నువ్వు వెనకాడుతున్నావని అమ్మ చెప్పింది. ఉపదేశిగా, అంటే మతబోధ చేసేవాడిగా, ఎన్నో ఏళ్లు గురువుల (ఫాదర్ల) వెంట రోగుల ఇళ్లకు వెళ్లినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఆలస్యం చేయవద్దు.

మన పెద్దలు ఈ సంస్కారాన్ని అవస్థాభ్యంగనం, అంటే చివరి ఘడియల్లో తైలం పూయడం, అనేవారు కాబట్టి, తైలం పూశారంటే ఇక ఆశ లేదన్న భయం ఇళ్లలో పాతుకుపోయింది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనమన్న పేరే దీనికి తగినదని కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపుగారు ఆమోదించిన క్రమం ప్రకారం ప్రమాదకరమైన జబ్బు చేసినవారే కాక, అలాంటి జబ్బుకు ఆపరేషన్ చేయించుకోబోయేవారు, వృద్ధాప్యంతో బాగా నీరసించినవారు కూడా దీన్ని పొందవచ్చు. జబ్బు ముదిరితే మళ్లీ పొందవచ్చు. యాకోబు లేఖ 5వ అధ్యాయం పెద్దలను పిలిపించుకొమ్మన్నది రోగినే. కాబట్టి ముందు బావగారినే నెమ్మదిగా అడుగు.

మీ అమ్మమ్మ విషయంలో నేను అడగలేదు. భయపడుతుందని రోజులు గడిపాను; గురువులు వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. స్పృహ లేనివారికీ అభ్యంగనం ఇస్తారు, ఆమెకూ ఇచ్చారు. కానీ పాపసంకీర్తనం చేసుకోలేకపోయింది, అంటే గురువుల ముందు పాపాలు ఒప్పుకోలేకపోయింది; దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) లోకొనలేకపోయింది. ఆ బాధ నాకు నేటికీ తీరలేదు.

ఈ సంస్కారాన్ని గురువులే ఇవ్వాలి. ఆసుపత్రి సిస్టర్లు గానీ నేను గానీ ప్రార్థించగలమే తప్ప ఇవ్వలేము. మంచం పక్కన బల్ల మీద తెల్లని గుడ్డ పరచి సిలువను ఉంచు; ఆక్సిజన్ పెట్టిన గదిలో మాత్రం కొవ్వొత్తి వెలిగించవద్దు. నాన్న మింగగలరో లేదో, ఏ చేతికి సెలైన్ ఉందో ఫాదర్ గారికి ముందే చెప్పు. పాపసంకీర్తనం వేళ అందరూ బయటికి వెళ్లి, తరువాత తిరిగి వచ్చి ప్రార్థనలో కలవండి. గురువులు మౌనంగా తలపై చేతులుంచి, నుదుటికీ అరచేతులకూ తైలం పూస్తారు. అది ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో పీఠాధిపతులు ఆశీర్వదించిన తైలం.

ఆపరేషన్ ముందురోజు పరీక్షల హడావిడిలో తీరిక దొరకదు. ఈ ఆదివారం పూజ కాగానే విచారణ (పారిష్) గురువులతో మాట్లాడు. నేను శనివారం రాత్రికే చేరుకుంటాను.

మీ మామయ్య