దిగనని మొరాయించే తెరచాప

ప్రశ్న: నేనూ మా బావమరిదీ కలిసి ఇరవై అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. తడ వైపు పులికాట్‌లో నడుపుతున్నాం. మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) దించాలంటేనే టెన్షన్. సగం దాకా వచ్చి ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే మొత్తం మా నెత్తిన పడుతుంది. చాప మాస్ట్ (తెరచాప స్తంభం) లోపలికే చుట్టుకుపోయే ఏర్పాటు పెట్టించుకోమంటున్నారు. పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దండీ. ఆ సైజు పడవకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అలా చుట్టుకోవాలంటే చాపలోని అడ్డబద్దలు తీసెయ్యాలి, వెనక అంచు వంపు కోసెయ్యాలి. డబ్బు పోసి చాపను చిన్నది చేసుకోవడమే. పైగా మాస్ట్ బరువు పెరిగి పడవ ఇంకా ఒరుగుతుంది.

ముందు మాస్ట్ వెనక గాడి చూడండి. అందులో ఉప్పూ ఇసుకా పేరుకుంటే చాపను గాడిలో పట్టి ఉంచే స్లైడ్లు జారవు. మంచినీళ్ళతో కడగండి. ఒక విడి స్లైడుకి గుడ్డ చుట్టి, పైన హాల్యార్డ్ (చాపను పైకెత్తే తాడు), కింద ఇంకో తాడు కట్టి నాలుగైదుసార్లు పైకీ కిందికీ లాగండి. కింది తాడు మరిచిపోయారో, గుడ్డ మాస్ట్ కొననే ఉండిపోతుంది. ఆరాక జిడ్డు లేని సిలికాన్ స్ప్రే కొట్టండి. నూనె మాత్రం వద్దు. విశాఖలో నేవీలో ఉన్న రోజుల్లో నేను తెలివిగా కొబ్బరినూనె రాశాను. మొదటిరోజు వెన్నలా జారింది. వారానికి ఇసుకంతా అంటుకుని, సరిగ్గా వాన మొదలయ్యాక బిగుసుకుపోయింది. మా పెద్దాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక దించే పద్ధతి. పడవ ముక్కు గాలికి ఎదురుగా తిప్పాలి. పక్కగాలిలో దించితే ఏ గాడైనా పట్టేస్తుంది. పులికాట్‌లో లోతు తక్కువ, సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దిగే పలక) బురదలో దిగబడితే ముక్కు తిరగదు. కాబట్టి ఒడ్డు దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా కాస్త లోతు ఉన్నచోటే దించెయ్యండి. ముందుగా టాపింగ్ లిఫ్ట్ (చాప అడుగున ఉండే అడ్డకర్రను, అంటే బూమ్‌ను, పైకి పట్టి ఉంచే తాడు) బిగించండి, లేదంటే బూమ్ తలమీదికి వస్తుంది. తర్వాత షీట్ (బూమ్‌ను అదుపు చేసే తాడు) వదులు చేసి హాల్యార్డ్ వదలండి. చాప పై మూలకి ఒక సన్నతాడు కట్టి, మాస్ట్ మొదట్లో చిన్న కప్పీ మీదుగా వెనక్కి తెచ్చుకుంటే, కూర్చున్నచోటి నుంచే కిందికి లాగొచ్చు.

నెత్తిన పడకుండా లేజీ జాక్స్ కట్టండి. మాస్ట్ మీద మూడింట రెండు వంతుల ఎత్తు నుంచి బూమ్‌కి రెండువైపులా సన్నని పాలిస్టర్ తాళ్ళు, అంతే. దిగిన చాప వాటి మధ్యే ఒదుగుతుంది. దాన్ని చీర కుచ్చిళ్ళలా అటూ ఇటూ సర్ది కట్టేయండి. చాప ఎత్తేటప్పుడు మాత్రం ఆ తాళ్ళను వదులుచేసి మాస్ట్ దగ్గరికి లాగి పెట్టాలి, లేకుంటే బద్దలు వాటిలో చిక్కుకుంటాయి.

పైన కవర్ లేకపోతే ఎండకి చాప కుట్లు ముందు పోతాయి. మన ఊళ్ళో ఆటో సీట్లు కుట్టేవాళ్ళు కుట్టిస్తారు, కొలతలిస్తే చాలు. వాళ్ళు రెగ్జిన్ అంటారు, ఒప్పుకోకండి. చెమ్మ నిలిచి బూజు పడుతుంది. మందపాటి కాన్వాస్, పాలిస్టర్ దారం అడగండి, అడుగున గాలి ఆడేలా తెరిచి ఉంచమనండి.