నాబ్ వదలగానే ఆరిపోతున్న ఓవెన్

ప్రశ్న: మా తెరచాప పడవలో ప్రొపేన్‌తో పనిచేసే స్టవ్, దాని కిందే ఓవెన్ ఉన్నాయి. పై బర్నర్లు నిండుగా నీలిమంటతో మండుతున్నాయి. ఓవెన్ బర్నర్ మాత్రం నాబ్ నొక్కిపట్టినంతసేపు వెలిగి, వదలగానే ఆరిపోతోంది. అర నిమిషం పట్టుకున్నా అంతే. సిలిండర్ మార్చినా ఫలితం లేదు. ఇక రెగ్యులేటర్ మార్చాలా?

జవాబు: రెగ్యులేటర్ జోలికి పోకండి. సిలిండర్, రెగ్యులేటర్, సోలినాయిడ్ వాల్వు (స్విచ్చితో గ్యాస్‌ను ఆపే విద్యుత్ వాల్వు) మూడూ పై బర్నర్లకూ ఓవెన్‌కూ ఉమ్మడివే కనుక, పైన మంట బాగున్నప్పుడు వాటిని శంకించనక్కర లేదు. అనుమానమంతా థర్మోకపుల్ మీదికే పోతుంది. బర్నర్ పక్కన సన్నగా కనిపించే ఆ లోహపు కడ్డీ కొన, మంట తగిలి వేడెక్కినప్పుడు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది. నాబ్ వెనుకనున్న చిన్న విద్యుదయస్కాంతం ఆ కాస్త విద్యుత్తుతోనే ఓవెన్ గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది.

ముందుగా నాబ్ నొక్కిపట్టి, ఆ కొన మంటలో మునిగి ఉందో లేదో చూడండి. పడవ కుదుపులకు బిగింపు వదులై కొన పక్కకు జరగడం మామూలే. తర్వాత సిలిండర్ వాల్వు మూసి, ఓవెన్ చల్లారాక, కొనకు పట్టిన మసిని సన్నని గరుకు కాగితంతో తుడవండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు కానీ, పడవల్లో అసలు తంటా తరచు రెండో చివరన, కడ్డీ తీగ వాల్వుకు కలిసే నట్టు దగ్గర ఉంటుంది. ఉప్పుగాలికి అక్కడ చిలుము పడితే అంత బలహీనమైన విద్యుత్తు దాన్ని దాటలేదు. నట్టు విప్పి, తీగ మొనను మెరిసేలా తుడిచి, చేత్తో బిగించాక స్పానరుతో పావు చుట్టు మాత్రమే తిప్పండి. అతిగా బిగిస్తే మొన నలిగి పాడవుతుంది. అప్పటికీ నిలవకపోతే అదే పొడవు, అదే మర ఉన్న కొత్త థర్మోకపుల్ వేయండి. దానితోనూ ఆరిపోతుంటే లోపం వాల్వులోని అయస్కాంతానిది. అది గ్యాస్ పనివాడికి అప్పగించవలసిన పని.

నాబ్‌కు టేపు చుట్టి, నొక్కి ఉంచి వండుకునే మహానుభావులూ ఉన్నారు. ప్రొపేన్ గాలికన్నా సుమారు 1.5 రెట్లు బరువైనది. అలా నొక్కి ఉంచితే మంట ఆరినా వాల్వు మూసుకోదు; కారిన గ్యాస్ కిందికి దిగి, బయటికి దారిలేక పడవ అడుగున గిన్నెలో నీళ్లలా నిలిచిపోతుంది. ఒక్క స్విచ్చి నిప్పురవ్వ చాలు. అందుకే వాసన వస్తే ఇంజను గానీ, మామూలు ఫ్యాను గానీ ముట్టుకోకుండా, సిలిండర్ వాల్వు మూసి తలుపులన్నీ తెరవండి.

మరమ్మతు అయ్యాక, గ్యాస్ గొట్టం కీళ్లలో దేన్నైనా కదిపి ఉంటే సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తాయేమో చూడండి. తర్వాత ఓవెన్ వెలిగించి, కాసేపు మండనిచ్చి, నాబ్ తిప్పకుండా సిలిండర్ వాల్వు మూయండి. మంట ఆరిన ఒక నిమిషం లోపల నాబ్ వెనుక ‘టక్’మని చిన్న చప్పుడు వినిపిస్తే, వాల్వు దానంతటదే మూసుకుందన్నమాట, అప్పుడు నాబ్ కట్టేయండి.