నిన్ను నువ్వు తిట్టుకునే మాటలను కాగితం మీద పెట్టు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరంలో "నేను దేనికీ పనికిరాను" అన్న మాట మూడుచోట్ల కనిపించింది. ఒక్కసారే అయితే విసుగులో అన్నావనుకుని ఊరుకునేదాన్ని. మళ్లీ మళ్లీ వచ్చే అటువంటి మాటను నీ మీద నువ్వు ఇచ్చుకున్న తీర్పుగా కాక, జ్వరంలో ఒళ్లు వేడెక్కినట్టుగా, ఒక లక్షణంగా చూడాలని నా అనుభవం చెబుతోంది. నలభై దాటాక నేనూ దాదాపు ఏడాది పాటు ఇటువంటి మాటలే నిజమని నమ్మి, నాది బద్ధకమని నిందించుకుంటూ, వైద్యుల దగ్గరకు వెళ్లకుండా కాలం గడిపాను.

1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ మనోవైద్యుడు, కుంగుబాటుతో తన దగ్గరకు వచ్చినవారి మనసుల్లో తమను తాము కించపరచుకునే ఆలోచనలు వాటంతట అవే వచ్చిపడుతున్నాయని గమనించి, వాటిని పట్టుకుని పరిశీలించడమే ఆధారంగా ఒక చికిత్సను రూపొందించాడు. ఆ ఆలోచనలు రెప్పపాటులో వచ్చిపోతాయి. మాట జారిపోయి, దాని వెనకటి దిగులు మాత్రమే మనకు మిగులుతుంది. అందుకే ముందు మాటను పట్టుకోవాలి. ఒక నోటు పుస్తకంలో వేళ, దానికి ముందు జరిగిన సంగతి, నీ మనసు అన్న మాట, ఈ మూడూ రాయి. "బాధగా అనిపించింది" అని రాయవద్దు. మనసు ఎంత మొరటుగా అంటే అంత మొరటుగానే రాయి. మరునాడు చదివేటప్పుడు "ఎప్పుడూ", "అందరూ", "ఏదీ" అన్న పదాల కింద గీత గీసి చూడు, అబద్ధం ఎక్కువగా అక్కడే దాక్కుని ఉంటుంది. బదులుగా "నేను చాలా గొప్పదాన్ని" అని రాసుకోమని కొందరు చెబుతారు కానీ, నాకు ఆ పద్ధతి ఏనాడూ నచ్చలేదు, కుంగిన మనసు పొగడ్తను నమ్మదు. "ఈ రోజు పనిలో ఒక తప్పు చేశాను, సాయంత్రానికి దిద్దుకున్నాను" అన్నంత సాదాగా, జరిగినదాన్ని జరిగినట్టు రాస్తే చాలు.

ఇక లక్షణాల సంగతి. ఆందోళన "ఏమవుతుందో" అంటుంది, కుంగుబాటు "ఇంకేముంది" అంటుంది. ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండడం సర్వసాధారణం. గుండె దడ, అరచేతుల్లో చెమట, మెడ భుజాలు బిగుసుకుపోవడం, కడుపులో తిప్పినట్టుండడం, చిన్న విషయానికే చిరాకు ఆందోళనలో కనిపిస్తాయి. కుంగుబాటు ఏడుపు రూపంలోనే వస్తుందని అనుకోకు. ఇష్టమైన పని చప్పగా తోచడం, తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం, ఆకలి తగ్గడం లేదా పెరగడం, చదివిన వాక్యాన్నే మళ్లీ చదవవలసి రావడం కూడా దాని గుర్తులే. నాకు కన్నీళ్లు రాలేదు, అందుకే గుర్తించలేకపోయాను.

ఇటువంటివి రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, 2 వారాలుగా ఉంటే వైద్యులను కలవాలి. కుంగుబాటు ఎంత ఉందో అంచనా వేయడానికి వైద్యులు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో ఈ 2 వారాల గురించే 9 ప్రశ్నలుంటాయి; ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యులు లోతుగా పరీక్షిస్తారు. మార్కులు చూసుకుని జబ్బును నువ్వే నిర్ధారించుకోకు. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇటువంటి నీరసాన్నే తెస్తాయి కనుక రక్తపరీక్ష గురించి అడుగు. మందులు రాస్తే, వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త బాగుందని నీ అంతట నువ్వు ఆపేయకూడదు.

ఆ ప్రశ్నావళిలో చివరిది చనిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. అటువంటిది నీకు ఏ కాస్త తోచినా నోటు పుస్తకంతో సరిపెట్టుకోకుండా, రెండు వారాలు ఆగకుండా, ఒంటరిగా ఉండకుండా, ఆ క్షణమే దగ్గరున్నవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లు. ఏ అర్ధరాత్రయినా నాకు ఫోను చెయ్యి, నిద్ర చెడగొట్టానని మొహమాటపడకు.

వచ్చే ఆదివారం లోపల ఒక మూడు మాటలు, వేళతో సహా, రాసి పంపు. నా పాత నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ