ఏఎన్‌ఏ ఒక ల్యాబులో పాజిటివ్, మరో ల్యాబులో నెగెటివ్... ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 34. కొన్ని నెలలుగా మోకాళ్లు, మణికట్లు నొప్పిగా ఉంటున్నాయి. ఇమ్యునోఫ్లోరోసెన్స్ పద్ధతిలో ఏఎన్‌ఏ 1:80 పాజిటివ్ వచ్చింది. భయమేసి మరో ల్యాబులో చేయిస్తే ఎలీసాలో నెగెటివ్ అన్నారు. నాకు లూపస్ ఉన్నట్టా, లేనట్టా? మళ్లీ చేయించుకోవాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు భయం తగ్గించుకోండి. ఈ రిపోర్టులను బట్టి మీకు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఉందని చెప్పలేం. అలాగని ఏదో ఒక ల్యాబు తప్పు చేసిందనీ అనుకోనక్కర్లేదు. రెండూ వేర్వేరు పద్ధతులు.

మన కణాల కేంద్రకంలోని పదార్థాలకే అతుక్కునే యాంటీబాడీలు ఏఎన్‌ఏ. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌లో గాజు స్లయిడు మీద ఉండే హెప్-2 అనే మానవ కణాలపై మీ సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరయ్యే ద్రవం) వేస్తారు. యాంటీబాడీలుంటే కేంద్రకాన్ని పట్టుకుంటాయి. కడిగాక, వాటికి అంటుకునే మెరుపు రంగు కలిపి మైక్రోస్కోపులో చూస్తే ఆకుపచ్చగా వెలుగుతాయి. సీరాన్ని 1:80, 1:160, 1:320 ఇలా రెట్టింపు పలచన చేస్తూ పోతారు. మెరుపు కనిపించిన ఆఖరి మెట్టే టైటర్. మీది కింది మెట్టు. మామూలుగా మనిషే కంటితో చూసి చెప్పే పరీక్ష కాబట్టి ఒక మెట్టు అటూ ఇటూ అవుతుంటుంది.

ఎలీసాలో కణం మొత్తం ఉండదు. ప్లేటులోని చిన్న గుంటలకు కొన్ని యాంటిజెన్లు (యాంటీబాడీలు పట్టుకునే పదార్థాలు) పూసి ఉంచుతారు. ఎంజైమ్ వల్ల పుట్టే రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది. మీ యాంటీబాడీకి సరిపోయే యాంటిజెన్ ఆ గుంటలో లేకపోతే నెగెటివే వస్తుంది. అందుకే ఈ అంకెనూ ఆ టైటర్‌నూ పోల్చకండి.

ఆరోగ్యవంతుల్లోనూ ఏఎన్‌ఏ కనిపిస్తుంది. 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో 1:80 దగ్గర సుమారు 13 శాతం మందికి, 1:320 దగ్గర కూడా 3 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. 2019 నాటి లూపస్ ప్రమాణాల్లో 1:80 తొలి అర్హత మాత్రమే. కీళ్లు, చర్మం, కిడ్నీలు, రక్తకణాల వంటి అంశాల మీద కనీసం 10 పాయింట్లు రావాలి.

కాబట్టి ఏఎన్‌ఏ మళ్లీ చేయించకండి, దాంతో ఒరిగేదేమీ లేదు. మీ కీళ్లనే పరీక్షించాలి. వాపు ఉందా? పొద్దున్నే అరగంటకు మించి బిగుసుకుపోతున్నాయా? ఎండకు దద్దుర్లు, నోటిపూత, జుట్టు రాలడం ఉన్నాయా? ఇవి చెప్పడానికి రుమటాలజిస్టును (కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బుల నిపుణులను) కలవండి. మణికట్లు కూడా నొప్పి అంటున్నారు కనుక రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) సంగతి తేల్చడానికి ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చూడాలి. రక్తకణాల లెక్క తెలిపే సీబీసీ, కిడ్నీల పనితీరు తెలిపే మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ పరీక్షలు కూడా అవసరం. లక్షణాలు లూపస్ వైపు చూపిస్తేనే యాంటీ డీఎస్ డీఎన్‌ఏ, యాంటీ స్మిత్ పరీక్షలు రాస్తారు.

మూత్రం నురగగా రావడం, కాళ్లు లేదా ముఖం ఉబ్బడం, ఊపిరి పీలిస్తే ఛాతీ నొప్పి... వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి, వెంటనే వెళ్లండి.