చిరిగిన డిస్‌ప్లే కేబుల్ పట్టుకుని కూర్చున్నాడు, ఇది చదువేనా?

ప్రశ్న: మాది మదనపల్లె, బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మావాడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో ఏడాది. ఎస్పీ రోడ్డులో 2004 నాటి పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. విప్పుతుంటే తెరకు వెళ్లే కేబుల్ చిరిగింది. కొత్తది ఎక్కడా దొరకలేదట. పదిహేను రోజులుగా అర్ధరాత్రి దాకా అదే పని. ఇది అన్నం పెట్టే విద్యేనా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, పెడుతుంది. కాకపోతే ఎంత పెడుతుందన్నది మీవాడు సోల్డరింగ్ ఐరన్ ముందు పట్టుకున్నాడా, మల్టీమీటర్ ముందు పట్టుకున్నాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ కింది నాలుగు ముక్కలు అతని చేతికివ్వండి.

బాబూ, ముందు బయటి మానిటర్ తగిలించి చూడు. అందులో బొమ్మ సరిగ్గా వస్తే తప్పు తెర వైపు ఉన్నట్టు. 1024×768 తెరకు ఎల్‌వీడీఎస్ (బోర్డు నుంచి తెరకు బొమ్మను తీసుకెళ్లే) సంకేతాలు మామూలుగా నాలుగు జతల తీగల్లో వెళ్తాయి: మూడు డేటాకు, ఒకటి వాటికి తాళం వేసే క్లాక్‌కు. మొదటి జత తెగితే ఎరుపు చెడుతుంది. మూడో జతలో నీలంతో పాటు సింక్ (బొమ్మలో గీతలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంకేతం) కూడా ఉంటుంది కాబట్టి అది పోతే బొమ్మే నిలవదు. బొమ్మ ఉండి చీకటిగా ఉంటే, టార్చి వేస్తే లీలగా కనిపిస్తే, బ్యాక్‌లైట్, అంటే తెర వెనక దీపం, వైపు చూడాలి.

బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసేశాకే కనెక్టర్ ముట్టుకో. కరెంటు ఉండగా లాగితే పక్క పిన్నులు తగిలి మదర్‌బోర్డు మీది ఫ్యూజు ఎగిరిపోతుంది. అప్పుడు కేబుల్ బాగుచేసినా తెర వెలగదు, తప్పెక్కడో తెలియక వారం పోతుంది. ఆ కాలపు తెరల్లో ట్యూబు వెలిగించే ఇన్వర్టర్ వెయ్యి వోల్టులు దాటుతుంది. ఇన్వర్టర్ నుంచి ట్యూబుకు వెళ్లే తీగ చిరిగితే అతుకు వెయ్యొద్దు, మార్చెయ్.

కేబుల్ పూర్తిగా ఊడదీసి ఈ చివర నుంచి ఆ చివరకు ప్రతి పిన్నూ కొలిచి పట్టిక రాసుకో. పక్క పిన్నులు ఒకదానికొకటి తగులుతున్నాయేమో కూడా చూడు, చాలామంది వదిలేసేది అదే. తర్వాత తెర వైపు మాత్రం తగిలించి, రెండో చివర ఒక్కో జత మధ్య కొలిస్తే సుమారు 100 ఓములు రావాలి. అంతకన్నా చాలా ఎక్కువ చూపిస్తే ఆ జతలో ఎక్కడో తెగింది.

నీ కేబుల్ గోధుమరంగు ఫ్లెక్స్ (పల్చటి ప్లాస్టిక్ పట్టీలో రాగి గీతలున్న రకం) అయితే, చిరుగుకు రెండు పక్కలా 1–2 మి.మీ. మేర పైపొరను సర్జికల్ బ్లేడుతో గీకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటేలా చేసే జిగట పదార్థం) రాసి, 63/37 తగరం–సీసం సోల్డర్ పూత పెట్టి, 0.1 మి.మీ. ఎనామెల్ తీగతో వంతెన వెయ్యి. 300 డిగ్రీల దగ్గర ఒక్కో అతుకుకు రెండు సెకన్లు చాలు. ప్లాస్టిక్ ఆ వేడికి ఓర్చుకుంటుంది గానీ రాగి గీతను పట్టి ఉంచే జిగురు ఓర్చుకోదు, గీత లేచిపోతుంది. ఒక జతలోని రెండు తీగలూ ఒకే పొడవు, పక్కపక్కనే. 3.3 వోల్టుల సరఫరా గీతలకు ఇంకాస్త లావు తీగ వాడు.

అతుకు మాత్రం హింజ్ దగ్గర వంపులో పడకూడదు. సోల్డర్ పడ్డ చోటు గట్టిపడి, దాని అంచునే గీత మళ్లీ తెగుతుంది. వంపు దాటాక నిటారుగా ఉన్నచోట తీగ దిగాలి. పైన యూవీ మాస్క్ (అతినీలలోహిత కాంతికి గట్టిపడే పూత), రెండు వైపులా కాప్టాన్ (వేడికి ఓర్చే) టేపు. చివర మూత యాభై సార్లు తెరిచి మూసి చూడు.

అమ్మా, ఇక మీ మాట. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు కేబుళ్లు చాలావరకు రెడీగా దొరుకుతాయి. అవి మార్చి బతకాలంటే షాపు అద్దె గడవడమే కష్టం. కానీ పై పట్టిక ఓపికగా రాసేవాడు పీణ్య, ఎలక్ట్రానిక్ సిటీల్లో బోర్డులు చేసే కంపెనీలకు టెస్టింగ్‌లో, రీవర్క్‌లో (తప్పున్న బోర్డులు సరిచేసే పనిలో) కావాలి. డిప్లొమా తర్వాత కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ కింద ఏడాది అప్రెంటిస్‌షిప్ చెయ్యొచ్చు. లేదా కర్ణాటక పరీక్షల ప్రాధికారం (కేఈఏ) డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి నేరుగా బీఈ రెండో ఏడాదిలో చేరొచ్చు. మార్కులు బాగుంటే మేం డీసెట్టే ముందు పెడతాం. ఐపీసీ 7711/7721 (బోర్డుల మరమ్మతుకు అంతర్జాతీయ ప్రమాణం) రీవర్క్ సర్టిఫికెట్ ఉద్యోగంలో చేరాక తీసుకున్నా ఆలస్యం కాదు. చాలా కంపెనీలు తామే ఖర్చు పెట్టి చేయిస్తాయి, ఇప్పుడే మీ చేతి డబ్బు పొయ్యకండి. ఇంటర్వ్యూకు మాత్రం ఆ పిన్నుల పట్టిక, అతుకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు పట్టుకెళ్లమనండి.

రాత్రి మేలుకోవడం ఆపించండి. వెంట్రుకంత తీగతో చేసే పని నిద్రమత్తులో కుదరదు. ఆదివారం పగలు, కిటికీ తెరిచి, పొగ మొహానికి రాకుండా చిన్న ఫ్యాన్ పెట్టుకుని చేసుకోమనండి.