ర్యామ్ ఖాళీగానే ఉంది, కార్డు మాత్రం ఎక్కనంటోంది

ప్రశ్న: లైనక్స్‌పై క్యూఈఎంయూతో (వర్చువల్ మెషీన్లు నడిపే ప్రోగ్రామ్) 16 జీబీ వర్చువల్ మెషీన్ నడుపుతున్నాను. అది ఆన్‌లో ఉండగానే ఒక నెట్‌వర్క్ కార్డును వీఎఫ్‌ఐఓ (అసలు హార్డ్‌వేర్‌ను వర్చువల్ మెషీన్‌కు అప్పగించే లైనక్స్ సదుపాయం) ద్వారా నేరుగా దానికి ఇవ్వబోతే 'కెనాట్ అలొకేట్ మెమరీ' అంటోంది. హోస్ట్‌లో, అంటే అసలు కంప్యూటర్‌లో, ఇంకా 40 జీబీ ఖాళీ ఉంది. ర్యామ్ కొనాలా?

జవాబు: కొనకండి. ఆ మెసేజ్ నమ్మి నేనూ ఓ సాయంత్రమంతా ర్యామ్ చుట్టూనే తిరిగాను. చాలనిది మెమరీ కాదు, దాన్ని లాక్ చేసుకోవడానికి ఆ ప్రాసెస్‌కు ఉన్న పరిమితి.

గెస్ట్ అంటే మీ వర్చువల్ మెషీన్. దాని మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా చూస్తారు, ఏ పేజీ అసలు ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టికలు రెండుంటాయి. ప్రాసెసర్ చూసేదాన్ని కెర్నల్‌లో వర్చువల్ మెషీన్ల భాగమైన కేవీఎం నడుపుతుంది. అందులో ఒక పేజీ లేకపోయినా ఫర్వాలేదు, గెస్ట్ తాకగానే ఫాల్ట్ (పేజీ లేదన్న సంకేతం) వస్తుంది, కెర్నల్ అప్పటికప్పుడు తెచ్చిపెడుతుంది. కార్డు చూసేది ఐఓఎంఎంయూ (కార్డులు మెమరీని చేరే దారిని చూసే హార్డ్‌వేర్) పట్టిక. పేజీ వచ్చేదాకా ఆగడం చాలా కార్డులకు చేతకాదు. అందుకే కార్డు తగిలించేటప్పుడే గెస్ట్ మెమరీ మొత్తాన్ని, వాడినా వాడకపోయినా, పిన్ చేసి (ర్యామ్‌లో కదలకుండా లాక్ చేసి) ఆ పట్టికలోకి ఎక్కించాలి. 4 కేబీ పేజీల్లో 16 జీబీ అంటే 41,94,304 పేజీలు. ఇలా లాక్ చేసుకోవడానికి ఉన్న మెమ్‌లాక్ పరిమితేమో చాలా సిస్టమ్స్‌లో 8 ఎంబీ!

వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ద్వారా ఇస్తే గెస్ట్ మెమరీకి 1 జీబీ కలిపి అదే పరిమితి పెంచుతుంది. మీరు క్యూఈఎంయూను చేత్తో నడుపుతున్నట్టున్నారు కాబట్టి, రూట్‌గా పీఆర్‌లిమిట్ కమాండ్‌తో నడుస్తున్న ప్రాసెస్‌కే పెంచండి. రీస్టార్ట్ అక్కర్లేదు. ఈసారి 2 ఎంబీ హ్యూజ్ పేజీలతో మొదలుపెడితే 8,192 పేజీలతో సరిపోతుంది, కార్డు కూడా త్వరగా ఎక్కుతుంది.

ప్రశ్న: కార్డు ఇచ్చాక మెమరీ పెంచితే కార్డుకు తెలుస్తుందా? బెలూన్‌తో (గెస్ట్ నుంచి మెమరీని వెనక్కి తీసుకునే పద్ధతి) తగ్గించవచ్చా?

జవాబు: పెంచితే తెలుస్తుంది. క్యూఈఎంయూలో మెమరీ లిజనర్ అని ఒకటుంది. కార్డు కొత్తగా చేరితే అప్పటికే ఉన్న భాగాలన్నీ వరుసగా దానికి చెబుతుంది, తర్వాత కలిపినవీ చెబుతుంది. మెమ్‌లాక్ మళ్లీ పెంచడం మర్చిపోకండి.

బెలూన్ సంగతి వేరు. గెస్ట్ ఒక పేజీ వదిలేసి, మళ్లీ అడిగిందనుకోండి. ప్రాసెసర్ పట్టికలోకి కొత్త పేజీ వస్తుంది. కార్డు పట్టికలో మాత్రం పిన్ అయిన పాత పేజీయే ఉంటుంది. ప్యాకెట్ పాత పేజీలో పడుతుంది, గెస్ట్ కొత్త పేజీలో వెతుక్కుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, డేటా మాత్రం తప్పు. పైగా పాత పేజీ పిన్‌లోనే ఉంటుంది కాబట్టి మెమరీ ఆదా కూడా ఉండదు. అందుకే మామూలుగా వీఎఫ్‌ఐఓ కార్డు ఉన్నంతసేపు క్యూఈఎంయూ బెలూన్‌ను పనిచేయనివ్వదు. మెమరీ తగ్గిస్తూ పెంచుతూ ఉండాలంటే వర్ట్‌ఐఓ-మెమ్ (మెమరీని బ్లాకులుగా కలిపి, తీసే పద్ధతి) వాడండి. అందులో వదిలిన బ్లాక్‌ను కార్డు పట్టిక నుంచి కూడా తీసేస్తారు.